పులిగోరు, పులితోలు: వేట గుర్తుల రెండు చరిత్రలు

పొదటూరుపేట అనగానే మగ్గాల చప్పుడు గుర్తుకు వస్తుంది. నేడు తిరువళ్ళూరు జిల్లాలో ఉన్న ఈ నేతపట్టణం ఒకప్పుడు చిత్తూరు జిల్లాలోనిది. పటాస్కర్ సూచనలను అనుసరించి 1960 ఏప్రిల్ 1న జరిగిన సరిహద్దు మార్పులో తిరుత్తణి, పళ్ళిపట్టు ప్రాంతాలు మద్రాసు రాష్ట్రంలో చేరాయి. అంతకు పూర్వం తిరుత్తణి సీమ కార్వేటినగరం జమీందారీలో భాగం. నేతకు పేరుపడిన ఊరికి వేటతో ఏమి పని అని పాఠకులు అడగవచ్చు. నగరి కొండలు అక్కడికి దూరం కాదు. జిల్లా మారినా, రాష్ట్రం మారినా, ఇళ్ళలో తెలుగు నిలిచింది. ఆ తెలుగులో పులిగోరు అనే మాట ఉంది. ఈ వ్యాసంలో ఆ మాటను ఆధారం చేసుకొని, వేటాడిన మృగం అవయవాలను గుర్తుగా దాచుకొనే ఆచారాన్ని పరిశీలిస్తాము.

పులిగోరు ప్రధానంగా పిల్లల నగ. గోళ్ళను వెండిలోనో బంగారంలోనో పొదిగి, దిష్టి తగలకుండా, భయం కలగకుండా పిల్లల మెడలో వేసేవారు. ఇది తెలుగువారికే పరిమితమైన అలవాటు కాదు. సంగకాలపు తమిళ కవితల్లో పులిపల్లు పొదిగిన తాళి ప్రస్తావన ఉంది. అంటే రెండు భాషలు కలిసిన ఈ సీమకు రెండు వైపులా ఈ నమ్మకం పాతదే. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. పులిగోరు ఎవరు వేటాడారో చెప్పదు. ఎప్పుడు, ఎక్కడ అన్నదీ చెప్పదు. పులి బలం పిల్లవాడికి కాపుగా ఉండాలన్నదే దాని ప్రయోజనం. అది చేతులు మారవచ్చు, అరిగిపోవచ్చు, మనుమడి మెడకు చేరవచ్చు.

పులితోలు కథ వేరు. మునులకు, శివుడికి పులితోలు ఆసనమో వస్త్రమో అయింది. బ్రిటిషు కాలంలో జమీందారులకు, దొరలకు అది గోడకు తగిలించే విజయపత్రమైంది. లండనులో రోలండ్ వార్డ్ సంస్థ 1892లో మొదలుపెట్టిన కొలతల గ్రంథం ఈ అభిరుచికి పోటీని జోడించింది. పులి పొడవు కొలవడానికి రెండు పద్ధతులు ఉండేవి. ముక్కు దగ్గర ఒక మేకు, తోక చివర ఒక మేకు దిగగొట్టి వాటి నడుమ దూరం కొలవడం ఒకటి; వెన్ను వంపుల మీదుగా టేపు పరచి కొలవడం రెండవది. రెండవ దానిలో అదే పులి కొన్ని అంగుళాలు పెరుగుతుంది. ఏ పద్ధతిలో కొలిచారో చెప్పని సంఖ్యను నమ్మరాదు. విజయనగరం మహారాజకుమారుడు, 'విజ్జీ'గా ప్రసిద్ధుడైన క్రికెటర్, మూడు వందలకు పైగా పులులను కొట్టినట్లు చెప్పుకొన్నారు. ఆ కాలంలో అటువంటి లెక్క చెప్పుకోవడం సిగ్గు కాదు, ప్రతిష్ఠ.

తోలు చెడకుండా నిలపడం సులువు కాదు. ఎండ ముదిరేలోపు ఒలిచి, కొవ్వునూ మాంసాన్నీ గీకి, ఉప్పు, పటిక రుద్ది నీడన ఆరబెట్టాలి. ఆలస్యమైతే వెంట్రుకలు ఊడిపోతాయి. దక్షిణ దేశంలో ఈ పనికి మైసూరులోని వాన్ ఇంగెన్ కుటుంబం పేరుపొందింది. సుమారు 1900లో మొదలైన వారి కార్ఖానా దాదాపు ఒక శతాబ్దం నడిచింది. కాగితపు గుజ్జుతో అచ్చుల్లో పోసిన బొమ్మల మీద తోలు తొడిగి, గాజుకళ్ళు అమర్చేవారు. వారి చేతి మీదుగా వెళ్ళిన పులులు, చిరుతలు నలభై వేలకు మించాయని వారి చరిత్ర రాసిన పాట్ మారిస్ లెక్క. చాలా తలలు నోరు తెరిచి గర్జిస్తూ ఉంటాయి. తూటా తగిలినప్పుడు ఆ పులి పారిపోతూ ఉండవచ్చు, నీళ్ళు తాగుతూ ఉండవచ్చు. గర్జన మాత్రం కార్ఖానాలో చేరింది.

ఒకే పులి మీద ఈ రెండు సంప్రదాయాలు ఎదురుపడిన సందర్భాలూ ఉన్నాయి. రాత్రికి రాత్రే మీసాలు, గోళ్ళు మాయమయ్యాయన్న ఫిర్యాదు షికారు పుస్తకాలలో తరచుగా కనిపిస్తుంది. దొరకు తోలు నిండుగా కావాలి. అడవిని తట్టి మృగాన్ని తోలిన కూలీకి తన బిడ్డ మెడకు ఒక గోరు కావాలి. తుపాకీ పట్టినవాడి పేరు పలక మీద ఉంది. కూలీ పేరు ఎక్కడా లేదు. పుస్తకాలు దీనిని దొంగతనం అన్నాయి. అది పాత హక్కు కూడా అని మా అభిప్రాయం.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ రెండింటినీ ఒకే గాటన కట్టింది. తోలు, తల, గోరు ఏదైనా ప్రకటించి ధ్రువపత్రం పొందాలి. 2003లో మరొకసారి 180 రోజుల గడువు ఇచ్చారు. పత్రం ఉన్నవాటినైనా అమ్మరాదు. 2022 సవరణ ప్రకారం పత్రం ఉన్నవారు వాటిని పరిహారం లేకుండా ప్రభుత్వానికి అప్పగించవచ్చు. పులులు మిగలాలంటే ఇంత కట్టుదిట్టం అవసరమే, సందేహం లేదు. కాని కాగితం ఉంచుకొనే అలవాటు బంగళాలకు ఉన్నంతగా గుడిసెలకు లేదు. అందువల్ల తాతనాటి గోరు నేడు నేరమయ్యే ప్రమాదం ఉంది. 2023 అక్టోబరులో బెంగళూరులో ఒక టెలివిజన్ పోటీలో పాల్గొంటున్న వ్యక్తి పులిగోరు ధరించి కనిపించినందుకు అరెస్టయ్యాడు. చూసినవారిలో ఎందరికో తమ ఇంటి పెట్టె గుర్తుకు వచ్చి ఉంటుంది.

ఇప్పుడు బజారులో దొరికే పులిగోళ్ళలో చాలావరకు పశువుల కొమ్ముతోనో ప్లాస్టిక్‌తోనో చేసినవే. కంసాలులు గోరు ఆకారాన్ని బంగారంలోనే పోస్తున్నారు. పులి లేకుండానే పులిగోరు నిలిచింది. చరిత్ర విద్యార్థికి ఇది చిన్న విషయం కాదు. గోడమీది తల వేటగాడి పేరును కాపాడింది; మెడలోని నగ ఒక మాటను, ఒక తల్లి భయాన్ని కాపాడింది. వెలుపలి తెలుగు విద్యార్థులు తమ ఇళ్ళలో వృద్ధులను అడిగి, పులిగోరు గురించి, జింకకొమ్ము గురించి, వాటి వెనుక కథల గురించి రాసి ఉంచాలని కోరుతున్నాము. పత్రం లేకుండా వస్తువును దాచడానికి నేడు చట్టం ఒప్పుకోదు. కథను దాచడానికి ఏ పత్రమూ అక్కరలేదు.