వసూలు ఎవరిది వాళ్లదే, పంపకం ఒక్కచోట

ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడింది ఇక్కడ రాసి పెడుతున్న. డ్యూటీ దిగినంక తీరిగ్గా చదువుకోండి.

ముందుగాల మన క్యాంపు ముచ్చట. కొన్నేళ్ల కింద మా సైట్‌లో ఒక షట్టరింగ్ కార్పెంటర్ స్కాఫోల్డింగ్ మీదికెళ్లి పడి నడుం విరగ్గొట్టుకున్నడు. ఊరోళ్లు వేరే, కులపోళ్లు వేరే, సైటోళ్లం వేరే పైసలు జమ చేసినం. ఆ ఇంటికి మూడు దిక్కుల నుంచి సాయం పోయింది. మంచిదే. కాని అదే నెల పక్క గదిలో జీతం రాని హెల్పర్ ఒకడు వడ్డీకి తెచ్చి టికెట్ కొనుక్కొని ఇంటికి పోయిండు. వాన్ని ఎవ్వరం అడగలేదు.

ఇట్లాంటి చిక్కే 1914లో న్యూయార్క్‌లోని యూదుల ముందుకు వచ్చింది.

అప్పుడు పాలస్తీనా ఒట్టోమన్ తుర్కుల ఏలుబడిలో ఉండేది. అక్కడి యూదుల్లో చాలామంది యూరప్ నుంచి వచ్చే చందాల మీద బతికేవాళ్లు. మొదటి ప్రపంచ యుద్ధంతో ఆ డబ్బు ఆగిపోయింది. ఆగస్టు 31న ఇస్తాంబుల్‌లోని అమెరికా రాయబారి హెన్రీ మోర్గెంథా, న్యూయార్క్ బ్యాంకర్ జేకబ్ షిఫ్‌కు టెలిగ్రాం పంపాడు. 50,000 డాలర్లు కావాలని అడిగాడు. షిఫ్ 12,500, వ్యాపారి నేథన్ స్ట్రాస్ 12,500, అమెరికన్ జ్యూయిష్ కమిటీ 25,000 ఇచ్చారు. ఆ సొమ్ము బంగారంగా మారి, నార్త్ కరోలినా అనే అమెరికా యుద్ధనౌకలో జాఫా రేవుకు చేరింది.

అంతలో రష్యా, ఆస్ట్రియా సైన్యాల నడుమ నలిగిన తూర్పు యూరప్ యూదుల గోస కూడా మొదలైంది. న్యూయార్క్‌లో ఆచారపరులు ఒక కమిటీ పెట్టారు. జర్మనీ మూలాలున్న సంపన్నులు ఇంకొకటి పెట్టారు. 1915లో కార్మికులు, సోషలిస్టులు మూడోది పెట్టారు. వీళ్లు మనలాంటి వలస జీవులే. కుట్టుపని షాపుల్లో, యూనియన్లలో చిన్న చిన్న మొత్తాలు పోగుచేశారు. ఈ మూడు గుంపులకూ గుడి దగ్గరా పడదు, రాజకీయం దగ్గరా పడదు.

అయినా ఒక ఉపాయం చేశారు. వసూలు ఎవరిది వాళ్లు చేసుకోవాలి, పంపకం మాత్రం ఒక్క చోటి నుంచే జరగాలి. దానికోసం మొదటి రెండు కమిటీలు కలిసి 1914 నవంబర్ 27న జాయింట్ డిస్ట్రిబ్యూషన్ కమిటీని ఏర్పాటు చేశాయి. కార్మికుల కమిటీ మరుసటి ఏడు చేరింది. మొదటి అధ్యక్షుడు ఫెలిక్స్ వార్‌బర్గ్. జనం నోట్లో అది 'జాయింట్' అయింది. మనసులు కలవకున్నా లెక్క కలిసింది.

యుద్ధం అయినంక ఇంకో మెట్టు ఎక్కారు. యూదుల మహా పండితుడు మైమొనిడీస్ 12వ శతాబ్దంలోనే దానానికి ఎనిమిది మెట్లు చెప్పాడు. ముఖం ముడుచుకొని ఇచ్చేది అన్నిటికన్నా కింది మెట్టు. అప్పో, పనో, వ్యాపారంలో పొత్తో ఇచ్చి, మనిషి మళ్లీ చెయ్యి చాచకుండా నిలబెట్టేది పై మెట్టు. ఆ లెక్కనే జాయింట్ పోలండ్‌లో వందల ఊళ్లలో 'కస్సా'లకు పెట్టుబడి ఇచ్చింది. కస్సా అంటే వడ్డీ లేని అప్పుల సంఘం. చేతిపనివాళ్లు, చిన్న దుకాణాలవాళ్లు అక్కడ తీసుకొని మెల్లగా కట్టేవాళ్లు. మూలధనంలో కొంత ఊరివాళ్లు కూడా వెయ్యాలి. 1930లలో యూదుల దుకాణాల్లో కొనొద్దని బహిష్కరణలు నడిచినప్పుడు ఎన్నో ఇళ్లకు ఈ అప్పే ఆసరా.

తర్వాత నాజీలు వచ్చారు. వార్సా గెట్టోలో జాయింట్ మనుషులు గంజి కేంద్రాలు నడిపారు గాని, చావును ఆపలేకపోయారు. పోలండ్‌లో దాదాపు 30 లక్షల మంది యూదులను చంపేశారు. కస్సాలు, వాటిలో అప్పు తీసుకున్నవాళ్లు, ఇచ్చినవాళ్లు చాలామటుకు కలిసే పోయారు. బతికి శిబిరాల్లో మిగిలినవాళ్లకు 1945 తర్వాత మళ్లీ జాయింటే తిండి, బట్ట పంపింది.

గల్ఫ్‌లో అనుమతి లేకుండా బయట చందాలు వసూలు చేస్తే కేసు అయితది, అది మరవొద్దు. కాని ఎవరు ఏ ఆపదలో ఉన్నడు, ఎవరికి ఇప్పటికే సాయం అందింది అని ఊరోళ్లు, కులపోళ్లు, సైటోళ్లు ఒకరికొకరు చెప్పుకోవచ్చు. ఆ నెల మేము అంతమాత్రం చేసినా, ఆ హెల్పర్ నెత్తిన వడ్డీ పడకపోవు.