బండికట్టు మొదలు రబ్బరు టైరు వఱకు

రాజులును యుద్ధములును చరిత్రకు విషయములైనట్లే, బండిచక్రమునకు బిగించిన ఇనుపకట్టును చరిత్రకు విషయమే యని నా నమ్మకము. చక్రమున నేలను తాకునది అంచు, అరుగునదియు అంచే. ఆ అరుగుదలకు మూల్యము చెల్లించువాడు రైతు. అత డెట్లు చెల్లించుచు వచ్చెనో పర్చూరు ప్రాంతమును దృష్టియం దుంచుకొని చెప్పెదను.

పర్చూరు నేడు బాపట్ల జిల్లాలోనిది. 2022 వఱకు ప్రకాశము జిల్లాలోను, 1970కి పూర్వము గుంటూరు జిల్లాలోను ఉండెను. జిల్లాల పేళ్లు మారినవి గాని నేల మారలేదు. అది ప్రత్తికిని మిరపకును పేరుపడిన నల్లరేగడి. వేసవిలో నెఱ్ఱెలు విచ్చును. వాన కురిసినచో ఉబ్బి బంకయై చక్రమును పట్టుకొని విడువదు. ఆకుల నడుమ మట్టి నిండి, చక్రము తిరుగుట మాని ఈడ్వబడుట అచ్చటివారికి క్రొత్త గాదు.

ఆ నేలకు తగినట్లే పెద్దలు ఎత్తైన కొయ్యచక్రమును కల్పించుకొనిరి. వడ్రంగి కుండను తొలిచి, ఆకులను దిగగొట్టి, వాని కొనలకు పూటీలను చేర్చి గుండ్రము చేసెడివాడు. పిమ్మట కమ్మరి, చక్రము చుట్టుకొలతకంటె కొంచెము తక్కువగా ఇనుపపట్టాను వంచి అతికి, పిడకల మంటలో ఎఱ్ఱగా కాల్చి, పట్టుకార్లతో నెత్తి చక్రముపై దిగవేసి, వెంటనే నీళ్లు గుమ్మరించెడివాడు. కాగిన ఇనుము సాగును. చల్లారిన ఇనుము ముడుచుకొనును. ఆ ముడుచుకొనుటలో ఆకులు, పూటీలు, కుండ అన్నియు ఒక్కటిగా బిగిసికొనును. రైలుచక్రములకు ఉక్కుకట్టు వేయుటలో ఇంజనీర్లు వాడిన సూత్రమును ఇదియే. మన కమ్మరి కొలిమి ప్రక్కన కూర్చుండి చేసిన పనిని చిన్నదిగా చూచుట నాకు సమ్మతము గాదు.

ఈ కట్టు కంకరపై రాపిడి తిని పలుచబడును. అంతకుముందే వేసవిలో కొయ్య యెండి కుదించుకొనగా కట్టు వదులగును. అప్పుడు రైతు చక్రమును చెఱువులో నానవేసి కొయ్యను ఉబ్బించును. అదియు చాలనినాడు కమ్మరి పట్టాను కత్తిరించి మరల అతుకును. అరిగిన సామానును బాగుచేయు నేర్పు ఊరిలోనే యుండెను. దాని కూలి గింజల రూపమున కళ్లములోనే తీఱెడిది.

ఐనను పాతకాలమంతయు మంచిదని పలుకజాలను. నందన సంవత్సరపు కరవును తలచుకొనుడు. 1832–33లో గుంటూరు సీమలో సుమారు అయిదు లక్షల జనములో రెండు లక్షల వఱకు నశించిరని అంచనా. వేఱుచోట ధాన్యమున్నను దానిని తెచ్చుటకు దారి కావలెను, బండి కావలెను, బండికి ఎడ్లు కావలెను. గడ్డి లేక ఎడ్లు చచ్చిన యేట చక్రము ఎంత గట్టిదైన నేమి ప్రయోజనము? తరువాత 1855 నాటికి కృష్ణకు ఆనకట్ట ఏర్పడినది. కాలువలపై పడవలు నడచినవి. 1899లో చీరాల మీదుగా బెజవాడ–మద్రాసు రైలు నడచుటతో పర్చూరు బండి దూరప్రయాణము మాని స్టేషనుకు సరకు చేర్చు బండి అయినది.

రోడ్లు పడిన పిదప చిక్కు తలక్రిందయ్యెను. రెండు మూడు అంగుళముల వెడల్పుగల ఇనుపకట్టుపై టన్ను బరువు నిలిచినప్పుడు, నేల కట్టును అరగదీయుటకంటె కట్టే రోడ్డును పిండి చేయుట హెచ్చు.

దీనికి విరుగుడు గాలిటైరు. 1845లో థామ్సను అను స్కాట్లండు దేశీయుడు దానికి పేటెంటు పొందెను. అది మఱుగున పడగా, 1888లో బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడగు డన్‌లప్ తన కుమారుని మూడుచక్రముల బండికై దానిని మరల కనుగొనెను. 1936లో బెంగాలులోని సాహాగంజున డన్‌లప్ కర్మాగారము వెలసినది. మొదట టైరు నల్లనిది కాదు. మసిని కలిపినచో రబ్బరు అరుగుదలకు ఓర్చుకొనునని తెలిసిన పిదపనే నలుపెక్కినది. నల్లరేగడివారికి ఈ సంగతి నచ్చునని తలచెదను.

ఎడ్లబండికి టైర్లు తగిలింపగా అదే జత ఎడ్లు రోడ్డుపై రమారమి రెట్టింపు బరువు లాగెను. ఐనను క్రొత్త టైరు కొనగలవాడు కొందఱే. లారీకి పనికిరాక దిగిన పాత టైరు ఎడ్లబండికి ఎక్కినది. అచ్చటను అరిగి చెప్పుల అట్టయైనది. అయితే కమ్మరి కొలిమి చల్లారినది. చెడిన గాలిటైరును ఊరికమ్మరి బాగుచేయలేడు. రైతు సొమ్ము పట్టణమునకు పోయినది. ఈ నష్టమును లెక్కించినవారు తక్కువ.

ఇప్పుడు బండి స్థానమున ట్రాక్టరును, చిన్న సరకుమోటారును తిరుగుచున్నవి. టాటా ఏస్ 2005లో వెలువడిన పిమ్మట ఈ చిన్నబండ్లు పల్లెలంతట ప్రాకినవి. కర్మాగారమునుండి వచ్చునప్పుడు ఇట్టి బండి టైరు గాళ్లు సుమారు ఏడెనిమిది మిల్లీమీటర్ల లోతుండును. 1.6 మిల్లీమీటర్లకు దిగినచో మార్చవలెనని చట్టము. అది తెలియుటకే గాళ్ల అడుగున చిన్న గట్లు పోయబడినవి. అంచు అరిగి ఆ గట్టుతో సమమైనచో ఆయువు తీఱినట్లే. బండితో వచ్చిన తొలి జత ఏల త్వరగా అరిగెనని యజమానులు అడుగుచుందురు. బండి చేసినవారు ధర, ఇంధనపు పొదుపు, మెత్తని నడక మున్నగువాని నెల్ల చూచి ఆ టైరును ఎంచుదురు. దీర్ఘాయువు వారి లెక్కలలో ఒకటి మాత్రమే. తక్కిన లోపము తఱచుగా మనదే. గాలి తక్కువైన అంచులరుగును. ఎక్కువైన నడుమ అరుగును. చక్రములు సూటిగా లేనిచో ఒక వైపే తినివేయును.

గుంటూరు యార్డుకు పోవు మిరప టిక్కీలను చూడుడు. ఎండుమిరప తేలిక గదా యని ఎత్తుగా పేర్చి, త్రాళ్లు బిగించి, ఎండ మండుచుండగా వేగముగా తోలుదురు. మలుపున బరువంతయు ఒక ప్రక్కకు వ్రాలును. గాలి చాలని టైరు నలిగి నలిగి లోన వేడెక్కును; అరిగిన టైరైనచో పగులును. ఎడ్లబండి కట్టు విఱిగిన సరకు దారిలో ఆగెడిది. ఇచ్చట తోలువాని ప్రాణమే పోవచ్చును. 1958–60 నడుమ అమెరికాలో చేసిన రోడ్డు పరీక్షలో, ఇరుసుపై బరువు రెట్టింపైనచో రోడ్డుకు హాని సుమారు పదునాఱు రెట్లగునని తేలినది. హానిపడి గుంతలైన రోడ్డు మరల టైరునే కొట్టును.

ఇంకొక్క సంగతి. మిరప కాలమున విడువక తిరిగి, తక్కిన నెలలలో ఎండకు నిలిచియుండు బండి టైరు గాళ్లు లోతుగానే కనబడవచ్చును. కాని రబ్బరు వయస్సుచేత గట్టిపడి పగుళ్లు వాఱును. టైరు ప్రక్కన నాలుగంకెలు ముద్రింపబడి యుండును. 2000 సంవత్సరమునుండి వచ్చిన టైర్లపై మొదటి రెండంకెలు వారమును, కడపటి రెండు సంవత్సరమును తెలుపును. 1824 అని యున్నచో అది 2024లో పదునెనిమిదవ వారమున పోతపోసినది. పాతబండిని కొనువారు గాళ్లతోపాటు ఆ అంకెలనుగూడ చదువుకొనవలెను.