నూనె గిన్నె, చాపిన కాళ్లు

బొడ్డు ఊడిన దగ్గర్నుంచి పసిబిడ్డకి నూనె రాసి, కాళ్లూ చేతులూ సాగదీసి, నలుగు పెట్టి, వేణ్ణీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేయడం మనం పుస్తకాల్లో చదివి నేర్చుకోలేదు. పుస్తకాల్లో లేక కాదు. కుండకీ, తోలుకీ, బండి ఇరుసుకీ నూనె ఎలాగో ఒంటికి నూనె మర్దన అలాగని చరక సంహితలోనే ఉంది. కానీ ఇల్లిల్లూ తిరిగి పిల్లలకి నీళ్లు పోసే అవ్వలు చరకుణ్ణి చదివారా ఏమిటి? తల్లి చేతులు చూసి కూతురు నేర్చుకుంది, అంతే.

బయటి దేశాలకి ఈ పని విలువ తెలిసింది ఈమధ్యనే. ఫ్రెడరిక్ లెబోయే అనే ఫ్రెంచి కాన్పుల డాక్టరు కలకత్తాలో ఒక తల్లి కాళ్లు చాపుకుని, బిడ్డని వాటి మీద వేసుకుని నూనె రాస్తుంటే చూశాడు. ఫొటోలు తీసి 1976లో ఆమె పేరుతోనే 'శాంతల' అని పుస్తకం వేశాడు.

ఆ రోజుల్లో ఆసుపత్రుల్లో నెలలు నిండని పిల్లల్ని అద్దాల పెట్టెలో ఉంచి, వీలైనంత వరకు ముట్టుకునేవారు కాదు. అమెరికాలో టిఫనీ ఫీల్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె తోటివాళ్లూ అలాంటి పిల్లలకే రోజుకి మూడుసార్లు, పావుగంట చొప్పున, 10 రోజులు ఒళ్లు నిమిరి, కాళ్లూ చేతులూ ఆడించి చూశారు. 1986లో ఫలితాలు అచ్చయ్యాయి. మర్దన లేని పిల్లలకంటే వీళ్లు రోజుకి 47 శాతం ఎక్కువ బరువు పెరిగారు. సగటున 6 రోజులు ముందే ఇంటికి వెళ్లారు. తాగిన పాలు మాత్రం అందరివీ దాదాపు ఒకటే!

తర్వాత తేలిన సంగతి నాకు ఇంకా నచ్చింది. పైపైన రాస్తే లాభం లేదు, కాస్త ఒత్తి రాయాలి. ఆ ఒత్తిడికి వేగస్ నరం చురుకై, గుండె వేగం నెమ్మదిస్తుంది, పొట్టలో కదలిక పెరుగుతుంది. "అట్లా దువ్వితే ఏం లాభమే, ఒత్తి రాయి" అని మా అత్తగారు ఏ నరం పేరూ తెలియకుండానే అనేవారు.

అవ్వలు చేసేదంతా మంచిదేనని నేననను. ముక్కులో, చెవుల్లో నూనె పోయడం, తల గుండ్రంగా రావాలని ఒత్తడం డాక్టర్లు వద్దంటారు, మానేయాల్సిందే.

పూర్వం అదే చేత్తో బాలింతకీ నడుమూ కాళ్లూ పట్టేవారు. ఇప్పుడు బిడ్డకైతే ఎలాగో కుదురుస్తున్నాం. బాలింత మాత్రం నడుం నొప్పికి మాత్ర వేసుకుని పడుకుంటోంది. స్పాలో గంటకి వేలు పోస్తాం గానీ, నీళ్లు పోసే ఆవిడ ఇంకో వంద అడిగితే మాత్రం బేరం మొదలుపెడతాం.