మిసిసిపీ జాన్ హర్ట్: ‘మళ్లీ దొరికాడు’ అనే మాటపై ఒక పరిశీలన

అమెరికా జానపద సంగీత చరిత్రల్లో గిటారు కళాకారుడు జాన్ హర్ట్ రెండుసార్లు కనిపిస్తాడు: 1928లో కొన్ని రికార్డులతో, 1963లో ‘మళ్లీ దొరికినవాడి’గా. నడుమ 35 ఏళ్లు దాదాపు ఖాళీ. ఆ ఖాళీ ఆయన జీవితంలోనిదా, మనకు దక్కిన ఆధారాల్లోనిదా అన్నదే ఇక్కడి ప్రశ్న.

1. పుట్టుక: మిసిసిపీ రాష్ట్రంలోని టియోక్‌లో పుట్టి, దగ్గరలోని అవలాన్ అనే పల్లెలో పెరిగాడన్న విషయంలో కథనాలు చాలావరకు కలుస్తాయి. తేదీ దగ్గరే తేడా. 1892, 1893 అనే రెండు సంవత్సరాలూ, మార్చి 8, జులై 3 అనే రెండు తేదీలూ ప్రచారంలో ఉన్నాయి. ఏది నిజమైనా తొలి రికార్డింగు నాటికి ఆయన వయసు 34 లేదా 35. మన చర్చకు ఆ తేడా అడ్డు కాదు.

2. రికార్డులు: ఇరుగుపొరుగు నాట్యాలకు తనతో కలిసి వాయించిన హర్ట్‌ను ఫిడేలు కళాకారుడు విల్లీ నార్మౌర్ ‘ఓకే’ రికార్డు సంస్థకు సిఫారసు చేశాడంటారు. 1928 ఫిబ్రవరి 14న మెంఫిస్‌లో పాడినవాటిలో రెండే పాటలు విడుదలయ్యాయి. డిసెంబరు 21న, 28న న్యూయార్క్‌లో మరికొన్ని రికార్డు చేశారు. పేరు ముందు ‘మిసిసిపీ’ని అమ్మకాల కోసం సంస్థే చేర్చిందని సాధారణంగా చెబుతారు. ఆయనను ‘బ్లూస్ గాయకుడు’ అనడంలోనూ కొంతవరకు వ్యాపారుల వర్గీకరణే ఉన్నట్టు తోస్తుంది. ఆ కొద్దిపాటి రికార్డుల్లోనే హత్యల గాథలున్నాయి, చర్చి కీర్తనలున్నాయి, పనిపాట ఛాయ ఉన్న ‘స్పైక్ డ్రైవర్ బ్లూస్’ ఉంది. ఊళ్లో ఎవరు ఏది అడిగినా పాడగల పాటగాడి భాండాగారం అది.

ఆర్థికమాంద్యం వచ్చింది, రికార్డింగులు ఆగాయి. హర్ట్ పొలం పనుల్లోకి వెళ్లిపోయాడు. 1952లో హారీ స్మిత్ జానపద సంకలనంలో ఆయన పాటలు రెండు చేరడంతో కొత్త తరం శ్రోతల చెవిన పడ్డాడు.

3. చిరునామా: ఆయన ఆచూకీ చెప్పిన పత్రం ఒక పాటే. 1928 డిసెంబరు 21న రికార్డు చేసిన ‘అవలాన్ బ్లూస్’లో తన ఊరు అవలాన్ అని ఆయనే చెప్పుకున్నాడు. కొత్త పటాల్లో ఆ పల్లె కనబడక, పాత అట్లాసులో దొరికిందని కథనం. 1963లో ఆయనను వెతుక్కుంటూ బ్లూస్ అభిమాని టామ్ హాస్కిన్స్ అక్కడికి వెళ్లేసరికి హర్ట్ ఊళ్లోనే ఉన్నాడు. ఊరివాళ్లకు ఆయన ఎన్నడూ తప్పిపోలేదు. తప్పిపోయింది రికార్డు వ్యాపారం దృష్టిలో మాత్రమే.

4. మధ్యకాలం: హాస్కిన్స్ వెళ్లేనాటికి హర్ట్ దగ్గర సొంత గిటారు లేదని చెబుతారు. దీన్ని బట్టి ఆయన వాయించడం మానేశాడని అనుకోవచ్చు. కానీ ఎదురు సాక్ష్యం రికార్డుల్లోనే ఉంది. 1928 నాటి రికార్డులను, అవే పాటలను 1960లలో మళ్లీ పాడిన రికార్డులను పక్కపక్కన పెట్టి వినాలి. బొటనవేలు మంద్ర తీగల మీద ఒకటి విడిచి ఒకటిగా, గడియారంలా నడుస్తుంది. మిగతా రెండు వేళ్లు పైతీగల మీద పాట వరసను గొంతుతోపాటే పలికిస్తాయి. గొంతు ముదిరింది, నడక కొన్నిచోట్ల నెమ్మదించింది. ఆ బొటనవేలి లయ మాత్రం చెదరలేదు. ఆయన 35 ఏళ్లూ ఎడతెగక వాయించాడని దీంతో రుజువు కాదు. అరువు గిటారు మీదనైనా అప్పుడప్పుడు చెయ్యి ఆడి ఉండాలని, పూర్తిగా మానేసినవాడి చెయ్యి అలా ఉండకపోవచ్చని అనుకోవడానికి మాత్రం బలమైన ఆధారమిది. నా మొగ్గు ఆ వైపే.

1963 జులైలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోసం ఆయన పాటలు రికార్డు చేశారు. అదే నెలలో న్యూపోర్ట్ జానపద ఉత్సవ వేదికపై ఒక్కడే గిటారుతో కూర్చుని పాడాడు. 1966 నవంబరు 2న, అవలాన్‌కు ఎంతో దూరం లేని గ్రెనేడాలో కన్నుమూశాడు. ఖాళీగా కనిపించే 35 ఏళ్ల పక్కన కచేరీల కాలం మూడేళ్లు మాత్రమే. చేతిలో ఉన్న రికార్డులను బట్టి చూస్తే, ఆ మూడేళ్లలో వినిపించిన చెయ్యి 1928లో అవలాన్ నుంచి వచ్చిన చెయ్యే.