ఆకలిని చంపిన మాత్రలు

మందుల షాపులో కూర్చుంటాను. ఒళ్లు తగ్గే మాత్ర కావాలన్నవాళ్లకు ముందు అమెరికా కథ చెబుతాను. అక్కడ ఆకలిని తగ్గించే మందు ఫెంటర్మిన్‌కు 1959లోనే అనుమతి వచ్చింది, అదీ కొన్ని వారాల వాడకానికే. 1990లలో దానికి ఇలాంటిదే మరో మందు ఫెన్‌ఫ్లూరమిన్ జతచేసి, ‘ఫెన్-ఫెన్’ పేరుతో లక్షల మందికి రాసేశారు. ఆ జోడీకి ప్రభుత్వ అనుమతి ఏనాడూ లేదు! అది వాడిన 24 మంది ఆడవాళ్లకు గుండె కవాటాలు దెబ్బతిన్నాయని 1997 జులైలో మేయో క్లినిక్ వైద్యులు బయటపెట్టారు. సెప్టెంబరులో ఫెన్‌ఫ్లూరమిన్‌ను మార్కెట్ నుంచి తీసేశారు. ఫెంటర్మిన్ మిగిలింది. మన దేశంలో అమ్మిన ఇలాంటి మాత్ర సిబుట్రమిన్‌నూ గుండెపోటు, పక్షవాతం భయంతో 2011లో నిషేధించారు. అందుకే ఇలాంటి మాత్ర రాయించుకునేటప్పుడు బీపీ, గుండె జబ్బు, గర్భం ఉంటే డాక్టరు దగ్గర దాచకండి. పక్కింటావిడ చీటీ తెచ్చి ఈ మాత్రలు అడిగితే మాత్రం ఇవ్వను.