వింటినారి - వేటగాని వ్రేళ్లు

రేణిగుంట జంక్షనులో రైలు మారేందుకు దిగిన ప్రయాణికుడు, తనకు తెలియకుండానే, ఒక వేటగాని గాథకు నట్టనడుమ నిలుచుంటాడు. కడప వైపు పోయే రైలు మామండూరు, కోడూరు దాటి రాజంపేట చేరుతుంది. పూర్వపు పొత్తపినాడు ఆ పరిసరాలలోనిదే. తిన్నడు పుట్టినది ఆ నాట. గూడూరు వైపు పోయే రైలు స్వర్ణముఖీ తీరాన శ్రీకాళహస్తి చేరుతుంది. తిన్నడు కన్నప్ప అయినది అక్కడ. ఈ రెండు దారులూ చీలేది రేణిగుంటలో.

కన్నప్ప అనగానే మనకు అతని కన్నులు జ్ఞప్తికి వస్తవి. ఆ కంటిని పెకలించినది ఒక బాణం. ఆ బాణాన్ని పట్టినది ఒక చేయి. ఆ చేతిని గూర్చి తలచేవారు అరుదు. చిన్నతనం నుండి నారిని లాగి లాగి కాయలు కాచిన చేయి అది. బరువైన వింటిని, తోలు తొడుగు గాని ఉంగరం గాని లేకుండా, ఉత్త వ్రేళ్లతో లాగి పెద్ద మెకాన్ని కొట్టే విద్య మనుష్యునికి ఎట్లా అలవడినది, ఎట్లా చేజారినది అన్న సంగతిని నేడు కొంత విచారించదలచినాము.

తిన్నని కథ పన్నెండవ శతాబ్దిలో సేక్కిళారు రచించిన తమిళ పెరియపురాణంలోను, పదునారవ శతాబ్దిలో మన ధూర్జటి రచించిన శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలోను కలదు. ఇవి భక్తిగాథలు, వీటిని చరిత్ర గ్రంథాలుగా చదువరాదు. అయినను బోయపల్లె బ్రతుకు తెలియని కవి బోయవాని కథను నమ్మించలేడు. సేక్కిళారు చెప్పిన ఒక వివరం గమనింపదగినది. బోయల దొర అయిన నాగుడు మంచి దినం చూచి కొడుకు చేత విల్లు పట్టించినాడు. పల్లె అంతా ఉత్సవం జరుపుకొన్నది. మన ఇండ్లలో అక్షరాభ్యాసం ఎట్టిదో, వేటగాండ్ర ఇండ్లలో విల్లు పట్టించే వేడుక అట్టిది. ఆ దినం మొదలు పదునారేండ్ల ప్రాయం దాకా తిన్నడు విలువిద్య నేర్చినాడు. తండ్రి ముదుసలి కాగా, మెకాలు చేలను పాడుచేయగా, ఆ తరువాతనే అతనికి తొలివేట ప్రాప్తించినది. ఒక్క వేటకు ఇన్ని యేండ్ల సాధన ఎందుకు?

వింటి బరువు అంటే తక్కెడలో తూచిన బరువు కాదు. నారిని పూర్తిగా లాగి పట్టేందుకు ఎంత బలం కావలెనో అదే వింటి బరువు. నలుబది పౌనుల విల్లు అంటే, లాగి నిలిపినప్పుడు వ్రేళ్లమీద దాదాపు 18 కిలోగ్రాముల బరువు వ్రేలాడుతున్నదని అర్థం. ఆ బరువు అరచేతి నిండా పరచుకొనేది కాదు. సన్నని నారి రూపంలో రెండు మూడు వ్రేళ్ల కొసలను కోస్తుంది. నిండు బిందెను సన్నని త్రాటితో చేదినవారికి ఈ బాధ కొంత తెలుసు. అయితే నీళ్లు చేదేవాడు త్రాటిని విడువనక్కరలేదు. విలుకాడు మాత్రం అంత బలంతో లాగినదానిని రెప్పపాటులో విడువవలె. ఆ విడుపులో ఒక వ్రేలు ముందు, ఒక వ్రేలు వెనుక అయితే నారి పక్కకు ఒరుగుతుంది, బాణం గురి తప్పుతుంది. నొప్పికి జంకిన వ్రేలు సరిగా విడువదు. మేము ఒకమారు ముచ్చటపడి ఒక వెదురు వింటిని లాగి చూచినాము. పది బాణాలు వేయకమునుపే వ్రేళ్లు కందిపోయినవి. పదకొండవ బాణం నాటికి చేయి గురిని మరచి నొప్పినే తలచుచుండెను. చేతి బలం కంటె ముందు అలసేవి వ్రేళ్లే అని ఆనాడు మాకు బోధపడినది.

అందువల్లనే లోకంలో పలుజాతులవారు నారిని పట్టే పద్ధతులను పలువిధాల కనిపెట్టినారు. 1885లో ఎడ్వర్డు మోర్సు అనే అమెరికా పండితుడు వీటిని పోల్చి చూచి ఐదు తెగలుగా విభజించినాడు. మొదటిది బాణపు పిడిని బొటనవ్రేలికి, చూపుడువ్రేలికి నడుమ గిల్లి పట్టడం. పసివాని చేతికి విల్లు ఇస్తే వాడు పట్టేది ఈ విధంగానే. తరువాతి రెండూ దీనికే మిగిలిన వ్రేళ్ల సాయం చేర్చినవి. నాలుగవది వ్రేళ్లను కొక్కెం వలె వంచి నారినే లాగే మధ్యధరా పద్ధతి. ఐదవది నారిని బొటనవ్రేలితో లాగే మంగోలు పద్ధతి. గిల్లిపట్టు తేలిక వింటికి చాలును. బరువు పెరిగితే బాణం వ్రేళ్లలోనుండి జారిపోతుంది. బరువైన వింటికి చివరి రెండు పట్లే శరణ్యం.

మనవారు ఈ విచారం ఎప్పుడో చేసినారు. వసిష్ఠుని పేర వెలసిన ధనుర్వేద సంహిత నారిని పట్టే పిడికిళ్లను పతాక, వజ్రముష్టి, సింహకర్ణం, మత్సరి, కాకతుండి అని ఐదుగా లెక్కించినది. ఆ గ్రంథమే మరియొక మంచి మాట చెప్పినది. విల్లు విలుకాని బలానికి లోబడి ఉండవలెనే గాని విలుకాడు వింటికి లోబడరాదు. వింటిచేత బాధపడేవానికి లక్ష్యం కనబడదు అని దాని తాత్పర్యం. మా పదకొండవ బాణం గతి అదే.

యుద్ధంలో విల్లు పట్టినవారు వ్రేళ్లను, ముంజేతిని కాపాడుకొనే ఉపాయాలు చేసుకొన్నారు. భారతంలోని వీరులు గోధలు, అంగుళిత్రాణాలు ధరించి రథమెక్కుతారు. గోధ అంటే ఉడుము. నారి దెబ్బ తగులకుండా ముంజేతికి కట్టే తోలుకట్టుకూ అదే పేరు. అంగుళిత్రాణం వ్రేళ్ల తొడుగు. ఇంత చేసినా అర్జునుని చేతులు నారి రాపిడికి కాయలు కాచినవి. విరాటుని కొలువులో బృహన్నలగా ఉండవలసి వచ్చినప్పుడు ఆ మచ్చలను గాజులతో కప్పుకొన్నాడు. ఇక బొటనవ్రేలితో లాగే మొగలులు రాతితోను, ఎముకతోను ఉంగరాలు చేయించుకొన్నారు. షాజహాను బిరుదం చెక్కిన పచ్చరాతి వింటి ఉంగరం నేటికీ హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉన్నది. ఇంగ్లండులో 1545లో విలువిద్యపై గ్రంథం వ్రాసిన రోజర్ ఆస్కం చేతొడుగును, ముంజేతి కట్టును విలుకాని పరికరాలలో చేర్చినాడు. ఆ యేడే మునిగిపోయి 1982లో పైకి తీయబడిన మేరీ రోజ్ అనే యుద్ధనౌకలో నూటికి మించిన విండ్లు దొరికినవి. వాటి బరువును పండితులు నూరు పౌనులు మొదలుకొని నూట ఎనుబది దాకా అంచనా కట్టినారు.

సైనికునికి ఇన్ని తొడుగులు ఎందుకు, వేటగానికి ఎందుకు లేవు? బీదరికం ఒక్కటే కారణమనుకొనరాదు. సైనికుడు ఒక్క పూటలో అమ్ములపొది ఖాళీ చేయవలసినవాడు. అన్ని బాణాలకు ఏ చర్మమూ ఓర్వదు. వేటగాడు దినమంతా తిరిగి వేసేది ఒకటి రెండు బాణాలు. పైగా అతని చేయి విల్లు పట్టేందుకు మాత్రమే ఉన్నది కాదు. అదే చేయి గడ్డలు త్రవ్వవలె, తేనె తీయవలె, కొండ ఎక్కవలె. పొద చాటున దుప్పి కదిలినప్పుడు తొడుగు వెదకుకొనేందుకు వ్యవధి ఉండదు. కనుక అతడు తన చర్మాన్నే తొడుగుగా పెంచుకొన్నాడు. కాయ కాచిన వ్రేలికి నారి ఎంత లాగినదీ, ఎక్కడ నిలిచినదీ చూడకుండానే తెలుస్తుంది. మందపు తోలు ఆ స్పర్శను కొంత హరిస్తుంది.

ఈ విద్యలో వ్రేలి విలువ ఎంతటిదో చెప్పే కథ ఏకలవ్యునిది. అతడు నిషాదుల రాజకుమారుడు. అడవిలో ఒంటిగా సాధన చేసినవాడు. అతని నేర్పు పాండవుల కంట పడినదీ ఒక వేటలోనే. గురుదక్షిణగా ద్రోణుడు అడిగినది విల్లు కాదు, బాణాలు కావు, కుడిచేతి బొటనవ్రేలు. ఆ తరువాత ఏకలవ్యుడు మిగిలిన వ్రేళ్లతో బాణాలు వేసినాడని, అయితే మునుపటి వేగం అతనికి లేకపోయినదని భారతం చెప్పుతున్నది. బొటనవ్రేలి పట్టు పోయినవాడు మరియొక పట్టు నేర్చుకొనవలసి వచ్చినది. విద్య అతని తలలో చెక్కుచెదరక ఉన్నది. చేతిలో మాత్రం తరిగినది.

ఉత్త వ్రేళ్లతో లాగగల బరువుకు ఒక హద్దు ఉన్నది. ఆ హద్దు పెంచేందుకు సాధన తప్ప వేరు మార్గం లేదు. 1549లో ఇంగ్లండు రాజు ఎదుట ఉపన్యసించిన లాటిమరు అనే మతాచార్యుడు తన బాల్యాన్ని తలచుకొంటూ, తన తండ్రి వయస్సుకు, బలానికి తగిన విండ్లు కొనియిచ్చి, తాను పెరిగిన కొలది పెద్దవి ఇచ్చినాడని, చేతుల బలంతో గాక శరీరభారంతో లాగడం నేర్పినాడని చెప్పినాడు. తిన్నని సాధన యేండ్లకు ఇదే అర్థం. ఎముక, కండ, చర్మం మూడూ వింటితోపాటు పెరగవలె. పెద్దవాడైన పిదప ఒక్కసారిగా పెద్ద విల్లు పట్టినవానికి వ్రేళ్లు మొద్దుబారడం, భుజం బెణకడం తప్ప ఫలితం ఉండదు.

సాధన తీర్చలేని కొరతను వేటగాడు నడకతో తీర్చినాడు. దూరంనుండి బలంగా కొట్టలేనివాడు దగ్గరకు పోవడం నేర్వవలె. నల్లమల చెంచులను గూర్చి 1943లో గ్రంథం ప్రకటించిన హైమండార్ఫు వారి వెదురు విండ్లను, ఇనుప ములుకుల బాణాలను వర్ణించినాడు. వారి తిండిలో పెద్ద భాగం గడ్డలూ దుంపలేననీ అతడే చెప్పినాడు. 1911లో కాలిఫోర్నియా అడవులనుండి వెలువడిన ఇషి అనే ఒంటరి ఆదివాసి, పోప్ అనే వైద్యునికి తన విలువిద్య నేర్పినాడు. ఇషి ఉంగరం లేని బొటనవ్రేలితోనే నారిని లాగేవాడు. అతని విల్లు సుమారు నలుబది, నలుబదియైదు పౌనులదే. కాని గాలివాలు కనిపెట్టడం, కుందేటి అరుపు అనుకరించి మెకాన్ని తన వద్దకు రప్పించడం అతనికి తెలుసు. ఇషి 1916లో మరణించినాడు. ఆ శిష్యుడు తరువాత అంతకంటె బరువైన విండ్లతో ఎలుగుబంట్లను వేటాడి, 1923లో గ్రంథం వ్రాసినాడు.

పెద్ద మెకానికి బరువైన విల్లు కావలెననడంలో బడాయి లేదు. చాలని బలంతో తగిలిన బాణం అడవిపందిని చంపదు, బాధపెట్టి రేపుతుంది. గాయపడిన మెకం వేటగానినైనా చీల్చుతుంది, పొదలో పడి దినాల తరబడి నరకమైనా అనుభవిస్తుంది. రెండింటికీ బాధ్యుడు బాణం వేసినవాడే. అందుకే తొలివేటలో వలలు త్రెంచుకొని పారిన పందిని తిన్నడు విడిచిపెట్టలేదు. ఇద్దరు తోడివారితో అడవి లోతులకు తరిమి, అలసి నిలిచినదానిని దగ్గరకు పోయి కత్తితో ముగించినాడు. ఆ తరుముడులోనే అతడు స్వర్ణముఖి ఒడ్డుకు, కాళహస్తి కొండకు చేరినాడని సేక్కిళారు కథనం. వేటగాడు తన పనిని సగంలో విడిచి ఉంటే కన్నప్ప కథయే లేదు.

ఈ విద్యను మొదట వెనుకకు నెట్టినది తుపాకి. తుపాకి గుర్రం నొక్కేందుకు వ్రేలికి కాయలు అక్కరలేదు. తరువాత 1882 నాటి మద్రాసు అటవీ చట్టం అడవులను రిజర్వు చేసి వేటను కట్టడి చేసినది. రేణిగుంటకు పొరుగున ఉన్న అడవులలో ఇరువదవ శతాబ్దిలో కూడా పెద్దపులులు తిరిగినవి. కెన్నెత్ ఆండర్సన్ అనే బెంగుళూరు వేటగాడు 1954 నాటి గ్రంథంలో చామల లోయ నరభక్షకిని గూర్చి, 1957 నాటి గ్రంథంలో మామండూరు నరభక్షకిని గూర్చి వ్రాసినాడు. అతడు పట్టినది రైఫిలు. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటనే నేరం చేసినది. 1989లో శేషాచలం అడవులలో శ్రీవేంకటేశ్వర జాతీయ వనం వెలసినది. ఇది జరుగవలసినదే, మెకాలు మిగలని అడవిలో విలువిద్య మిగిలి ప్రయోజనం లేదు.

విల్లు నేడు మైదానానికి వచ్చినది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో విజయవాడ యువతి వెన్నం జ్యోతి సురేఖ మూడు బంగారు పతకాలు గెలుచుకొన్నది. ఆమె పట్టే కాంపౌండు వింటికి చక్రాలు ఉంటవి. లాగి నిలిపినప్పుడు అవి బరువును చాలవరకు మోస్తవి. నారిని పట్టి విడిచేది చేతిలోని చిన్న యంత్రం. ఒలింపిక్సులో వాడే రికర్వు వింటివారు వ్రేళ్లకు తోలుముక్క తొడుగుకొంటారు. ఆ నేర్పు గొప్పదే, అందుకూ యేండ్ల సాధన కావలసినదే. ఉత్త వ్రేళ్ల విద్య మాత్రం వేరు. అది గ్రంథంలో దాగేది కాదు. తండ్రి కొడుకు చేతికి విల్లు ఇవ్వడం మానిన నాడు, ఒక్క తరంలో పోతుంది. చెప్పగలిగినదంతా ధనుర్వేదం చెప్పినది. వ్రేలికి కాయను మాత్రం కాయించలేదు.

కాళహస్తిలో నేటికీ కన్నప్పకు పూజ జరుగుతున్నది. కన్నులిచ్చిన భక్తునిగా అతనిని మ్రొక్కుతాము, అది యుక్తమే. కాని ఆ కొండల చుట్టూ అతని వంటి వేటగాండ్ర సంతతివారు ఇంకా ఉన్నారు. వారి తాతల నేర్పును మోటుతనమని తలచడం మనకు అలవాటైనది. పల్లె అంతా కూడి పిల్లవానికి పట్టించి, యేండ్ల తరబడి నేర్పించి, కొట్టిన మెకాన్ని సగంలో విడువరాదని బోధించిన విద్యను మోటుతనమని ఎట్లా అనగలము? ఈమారు రేణిగుంటలో రైలు మారవలసి వస్తే, శ్రోతలు ఒక్క నిముషం ఆ కొండల వైపు చూచి, ఆ వ్రేళ్లను కూడా స్మరింతురు గాక.