వైరు నుంచి రేడియో దాకా: ఫ్లాష్ ట్రిగ్గర్ కథ

‘ఫ్లాష్‌ని కెమెరాకి దూరంగా పెట్టాలంటే ఏ ట్రిగ్గర్ కొనాలి?’ శ్రీకాకుళం, విజయనగరం వైపు పెళ్లిళ్లు తీసేవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న తప్పదు. ఒక కంపెనీ పేరు చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ ఆ చిన్న పెట్టె అసలెందుకు పుట్టిందో తెలిస్తే, దాన్లో మనకేది అవసరమో, దేనికి డబ్బు దండగో మనకే తెలుస్తుంది. అందుకని ఇవాళ కొంచెం చరిత్ర చెప్పుకుందాం.

ముందు చిక్కేమిటో చూద్దాం. మన దగ్గర ముహూర్తాలు చాలావరకు రాత్రిపూటే. జీలకర్రా బెల్లం పెట్టేది ఒక్క క్షణం. ‘సరిగా రాలేదండీ, ఇంకోసారి పెట్టండి’ అనలేం కదా. ఫ్లాష్‌ని కెమెరా నెత్తిమీదే పెట్టి కొడితే మొహాలు పాలిపోయినట్టు వస్తాయి, వెనక పందిరంతా చీకటి. అదే ఫ్లాష్‌ని పక్కకి జరిపి గొడుగులోంచి కొడితే మొహం మొహంలా ఉంటుంది. మరి దూరంగా ఉన్న ఆ ఫ్లాష్‌కి ‘ఇప్పుడు వెలుగు’ అని ఎవరు చెప్పాలి? ట్రిగ్గర్ చరిత్రంతా ఈ ఒక్క ప్రశ్నకి వెతికిన జవాబులే.

1887లో జర్మనీలో అడాల్ఫ్ మీథే, యోహానెస్ గేడికె మెగ్నీషియం కలిపిన ఫ్లాష్ పౌడర్ తయారుచేశారు. అప్పట్లో షట్టర్ తెరిచి ఉంచి, పొడి అంటించి, మళ్లీ షట్టర్ మూసేవాళ్లు. పొగ, నిప్పు భయం ఎలాగూ ఉండేవి గానీ, టైమింగ్ గొడవ మాత్రం లేదు. 1929లో జర్మనీలోనే ఫ్లాష్ బల్బు అమ్మకానికొచ్చింది. 1930లలో అమెరికాలో ఎంఐటీలో హెరాల్డ్ ఎడ్జర్టన్ ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌ని పనికొచ్చే స్థితికి తెచ్చారు. బల్బు పూర్తిగా వెలగడానికి కొంచెం సమయం పడుతుంది. ఎలక్ట్రానిక్ ఫ్లాష్ మాత్రం తటాలున వెలిగి ఆరిపోతుంది. పాత కెమెరాల మీద ఎం, ఎక్స్ అని రెండు గుర్తులు కనిపించేది అందుకే. ఎం బల్బుకి, ఎక్స్ ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌కి.

షట్టర్, ఫ్లాష్ ఒకేసారి పనిచెయ్యాలంటే మొదట్లో దారి వైరే. పీసీ సాకెట్ అంటాం చూడండి, ఆ పేరు ప్రాంటర్, కాంపూర్ అనే రెండు జర్మన్ షట్టర్ల నుంచి వచ్చింది. స్టూడియోలో వైరు బాగానే ఉంటుంది. పెళ్లిపందిట్లో? పిల్లల కాళ్లకి తగులుతుంది, లేకపోతే సరిగ్గా తాళి కట్టే వేళకి పిన్ను వదులవుతుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. పాత ఫ్లాష్ గన్లలో కొన్నిటికి, ఉదాహరణకి మొదటి తరం వివిటార్ 283లకి, ట్రిగ్గర్ కాంటాక్ట్ దగ్గర 200 వోల్టులు దాటి ఉండేది. ఫిల్మ్ కెమెరా తట్టుకుంది గానీ, డిజిటల్ కెమెరా సర్క్యూట్ పోవచ్చు. నాన్నగారి కాలం నాటి ఫ్లాష్ ఇంట్లో ఉంటే, వోల్టేజి చూపించుకోకుండా కొత్త కెమెరాకి తగిలించకండి.

తర్వాత వచ్చింది కన్ను, అంటే ఆప్టికల్ స్లేవ్. ఒక ఫ్లాష్ వెలగ్గానే దాన్ని చూసి రెండోది వెలుగుతుంది. చవక. కాకపోతే ఎవరి ఫ్లాష్‌కైనా స్పందిస్తుంది. ఆడపెళ్లివారి ఫోటోగ్రాఫర్ ఒకరు, మగపెళ్లివారి ఫోటోగ్రాఫర్ ఒకరు ఉండే మన పెళ్లిలో ఆయన కొట్టినప్పుడల్లా మన బ్యాటరీ ఖర్చు! టీటీఎల్ ముందు మెరుపుకి కూడా మామూలు స్లేవ్ తొందరపడి వెలిగిపోతుంది. ఇన్‌ఫ్రారెడ్ వచ్చాక హాల్లో సుఖపడ్డారు. స్తంభం అడ్డొచ్చినా, బయట ఎండ ఎక్కువైనా అది నమ్మకం కాదు.

1990లలో అమెరికాలో పాకెట్ విజార్డ్ లాంటి రేడియో ట్రిగ్గర్లు వచ్చాయి. గోడ అడ్డొచ్చినా పనిచేస్తాయి. అయితే బాగా ఖరీదు. పైగా అమెరికాకి ఒక ఫ్రీక్వెన్సీ, యూరప్‌కి ఇంకోటి. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ వాడుకలోకొచ్చాక ఈ తేడా పోయింది. మన దేశంలో 2005లో ఈ బ్యాండ్‌లో తక్కువ పవర్ పరికరాలకి లైసెన్సు అక్కర్లేదన్నారు. 2006లో డేవిడ్ హాబీ అనే అమెరికన్ పత్రికా ఫోటోగ్రాఫర్ ‘స్ట్రోబిస్ట్’ మొదలుపెట్టి, చిన్న ఫ్లాష్‌తో పెద్ద పని ఎలా చెయ్యొచ్చో ప్రపంచానికి నేర్పాడు. ఆ గిరాకీని యంగ్‌నువో, గోడాక్స్ లాంటి చైనా కంపెనీలు అందుకున్నాయి. 2012లో కెనాన్ 600ఈఎక్స్-ఆర్‌టీతో, 2016లో నికాన్ ఎస్‌బీ-5000తో రేడియో ఫ్లాష్ లోపలికే వచ్చేసింది. పెద్ద స్టూడియోలకే అందే వస్తువు చిన్న ఊరి స్టూడియో దాకా వచ్చిందంటే కారణం ఇదే.

ఇక కొనడం సంగతి. నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి, టీటీఎల్ కావాలా? మండపంలో వధూవరులు, ఫ్లాష్ స్టాండు ఎక్కడివక్కడే ఉంటాయి. మాన్యువల్ చాలు. ఊరేగింపులో దూరం మారుతూ ఉంటుంది, అక్కడ టీటీఎల్ ఆదుకుంటుంది. టీటీఎల్ ట్రిగ్గర్ మాత్రం మీ కెమెరా కంపెనీకి సరిపోయేదే తీసుకోవాలి.

రెండు, హైస్పీడ్ సింక్ కావాలా? చాలా కెమెరాల్లో 1/200 లేదా 1/250 దాటితే ఫోటోలో నల్ల పట్టీ పడుతుంది. కళింగపట్నం బీచ్‌లో పట్టపగలు ప్రీ-వెడ్డింగ్ తీస్తారంటే కావాలి. రాత్రి పందిరికి అక్కర్లేదు.

మూడు, ఛానల్‌తోపాటు ఐడీ మార్చుకునే వీలుందా? రెండు వైపుల ఫోటోగ్రాఫర్లదీ ఒకే కంపెనీ, ఒకే ఛానల్ అయితే పాత స్లేవ్ గొడవే మళ్లీ వస్తుంది. ముహూర్తానికి ముందే అవతలి ఆయన్ని ‘మీది ఏ ఛానలండీ?’ అని అడిగెయ్యండి. మొహమాటం వద్దు.

నాలుగు, మీ ఊళ్లో మిగతావాళ్లు ఏది వాడుతున్నారు? అర్ధరాత్రి ట్రిగ్గర్ మొరాయిస్తే ఆన్‌లైన్ ఆర్డరు పనికిరాదు, పక్క స్టూడియో వాళ్లే దిక్కు. డబుల్ ఏ సెల్స్‌తో నడిచేదైతే సెల్స్ కిరాణా కొట్లో కూడా దొరుకుతాయి.

ఇంకో మాట. 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని మనిషి ఒంట్లోని నీరు పీల్చేస్తుంది. విజయనగరం సిరిమానోత్సవం లాంటి జనసందోహంలోనైనా, కిక్కిరిసిన పందిట్లోనైనా రిసీవర్‌ని తలలకంటే ఎత్తులో ఉంచండి.

మన తీరం నుంచి ఎంతోమంది వేటకి గుజరాత్ వెళ్తారు. పెళ్లయిన కొన్నాళ్లకే బయలుదేరేవాళ్లూ ఉంటారు. నెలల తరబడి ఇంట్లోవాళ్లకి మిగిలేది ఆ ఆల్బమే. కాబట్టి ఎక్కువ ఫీచర్లున్నదానికన్నా, ఆ ఒక్క క్షణం తప్పకుండా వెలిగించేదే మంచి ట్రిగ్గర్. కొన్నాక పందిట్లో ఒక యాభైసార్లు కొట్టి చూసి, అప్పుడే ముహూర్తానికి నిలబడండి.